జపాన్ గుళ్ళు, పద్ధతులు: వెళ్ళేముందు అందరూ అడిగే ప్రశ్నలు

నేను జపాన్ రెండుసార్లు వెళ్ళొచ్చాను. మొదటిసారి ఒక్కణ్ణే, నవంబరులో. రెండోసారి ఏప్రిల్లో, అమ్మనీ పెద్దమ్మనీ వెంటబెట్టుకుని. అప్పట్నుంచి చుట్టాలు, ఆఫీసువాళ్ళు, వాళ్ళ తోడల్లుళ్ళు, ఎవరు టికెట్లు కొన్నా ముందు నాకే ఫోన్ చేస్తున్నారు, అడిగేవి మాత్రం అవే ప్రశ్నలు. వాయిస్ మెసేజ్‌లు పెట్టి పెట్టి గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాసి పడేస్తున్నాను. ఏ హోటల్లో దిగాలి, రోజుకెంత ఖర్చు లాంటివి ఇందులో ఉండవు. గుళ్ళు, మర్యాదలు, తిండి, అంతే. మీకు ఏ డౌటు ఉంటే దాని దగ్గరికే నేరుగా వెళ్ళిపోండి.

## బయల్దేరే ముందు

గుళ్ళు చూడ్డానికే వెళ్తున్నాం, ఏ నెల మంచిది?

పూలు కావాలంటే మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో. ఎర్రబడ్డ మేపుల్ ఆకులు కావాలంటే నవంబరు రెండో సగం, అదీ క్యోటోలో. నా ఓటు నవంబరుకే. ఏప్రిల్ చివర్నుంచి మే మొదటి వారం దాకా వాళ్ళకి వరస సెలవులు, గోల్డెన్ వీక్ అంటారు, ఆ వారం పొరపాటున కూడా పెట్టుకోకండి. ఆగస్టు నడిమధ్య ఒబోన్, అంటే పెద్దలు ఇంటికొచ్చే రోజులు, మన మహాలయ పక్షంలాంటి ఆలోచనే, అప్పుడు ఊళ్ళకి పోయేవాళ్ళతో రైళ్ళు కిటకిటలాడతాయి. కొత్త సంవత్సరం మొదటి మూడు రోజుల్లో టోక్యోలోని మెయిజి జింగూ ఒక్కదానికే 30 లక్షల మంది దాకా వస్తారు. ముక్కోటి ఏకాదశి నాడు తిరుమల క్యూలో నిలబడి నవ్వుతూ బయటికొచ్చినవాళ్ళయితే వెళ్ళండి.

పచ్చళ్ళు, పొడులు పట్టుకెళ్ళనిస్తారా?

ఆవకాయ, కందిపొడి మేం పట్టుకెళ్ళాం, ఎవరూ ఏమీ అనలేదు. మాంసం ఏ రూపంలోనైనా కుదరదు, నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి ఎంత సీల్ వేసినా సరే. అక్కడ ఎయిర్‌పోర్టులో సామాను వాసన చూసే కుక్కలు తిరుగుతుంటాయి. పచ్చి కరివేపాకు, పళ్ళు కూడా వద్దు. మందుల విషయం ఇంకా జాగ్రత్త: మనకి మామూలుగా దొరికే కొన్ని జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫిడ్రిన్ మీద అక్కడ ఆంక్షలున్నాయి. రోజూ వేసుకునే బీపీ, షుగర్ మందులు నెలకి సరిపడా, చీటీతో సహా పెట్టుకుంటే చాలు.

రైలు పాస్ కొనాలా వద్దా?

ఏడు రోజుల జేఆర్ పాస్ 2023 అక్టోబరుకి ముందు 29,650 యెన్లు ఉండేది, ఆ నెల నుంచి 50,000 చేశారు. టోక్యో నుంచి క్యోటోకి బుల్లెట్ ట్రైన్‌లో ఒకవైపు 14,000 దగ్గర అవుతుంది, లెక్క మీరే వేసుకోండి. టోక్యో, క్యోటో, ఒసాకా మాత్రమే అయితే గిట్టదు.

చెప్పులా, బూట్లా? బట్టలు ఏం వేసుకోవాలి?

లేసులు కట్టే బూట్లు వద్దు. రోజుకి పదిసార్లు విప్పాలి, పదిసార్లు తొడగాలి. జారుగా వేసుకునే బూట్లు, చిరుగు లేని సాక్సులు. ఆ రెండో మాట నవ్వులాటకి అనట్లేదు, బొటనవేలు బయటికొచ్చిన సాక్స్‌తో ఒక గుడి చావిట్లో పది మంది ముందు నడిచిన అనుభవం నాది. బట్టల మీద పట్టింపు పెద్దగా లేదు. పెద్దమ్మ అన్ని రోజులూ చీర, పైన స్వెటర్, కింద స్పోర్ట్స్ షూ. ఫొటోలు అడిగి మరీ తీసుకున్నారు.

టెంపుల్ అంటారు, ష్రైన్ అంటారు, రెండూ గుళ్ళే కదా?

గుళ్ళే, కానీ రెండు వేరు మతాలు. జింజా, తైషా, జింగూ అని పేరు చివర ఉంటే షింతో, అంటే వాళ్ళ దేశంలో పుట్టిన దేవతారాధన. అక్కడి దేవతల్ని కామి అంటారు. పేరు చివర జి, తెరా, ఇన్ అని ఉంటే బౌద్ధం. ఫుషిమి ఇనారి తైషా షింతో, సెన్సోజి బౌద్ధం. పేరు మర్చిపోయినా గుర్తు పట్టొచ్చు: ముందు రెండు నిలువు కంబాలు, పైన రెండు అడ్డ దూలాలతో తోరీ అనే ద్వారం ఉంటే షింతో. అగరుబత్తుల పొగ వస్తుంటే, పక్కన సమాధులుంటే బౌద్ధం. కొన్ని చోట్ల రెండూ ఒకే ఆవరణలో కనపడతాయి, ఎందుకంటే 1868లో మెయిజి ప్రభుత్వం విడదీయమని ఆజ్ఞ ఇచ్చేదాకా వెయ్యేళ్ళకి పైగా అవి కలిసే బతికాయి. ఈ తేడా తెలిస్తే చాలు, సగం తప్పులు జరగవు, ఎందుకంటే చప్పట్లు కొట్టేది ఒక చోటే.

మేం హిందువులం, లోపలికి రానిస్తారా?

రానిస్తారు. నీ మతం ఏంటని ఒక్కరూ అడగలేదు. ఆడవాళ్ళకి అడ్డు ఉన్న చోటు మాత్రం ఒకటుంది, నారా ప్రాంతంలోని ఓమినే కొండ, సన్యాసుల సాధనకొండ. మామూలు టూరిస్టులు ఎటూ అక్కడికి వెళ్ళరు.

## షింతో జింజాలో

తోరీ దగ్గర ఏమైనా చెయ్యాలా?

ఆగి, తల కొంచెం వంచి, లోపలికి నడవండి. దారి నడిమధ్య దేవుడిదని అంటారు, అందుకని ఓ పక్కగా నడుస్తారు. వేలమంది తోసుకునే చోట ఇది ఎవరూ పాటించట్లేదు, ఊళ్ళో చిన్న జింజాల్లో మాత్రం బడిపిల్లలు కూడా సైకిల్ దిగి తల వంచి పోతుంటే చూశాను. మళ్ళీ బయటికొచ్చాక వెనక్కి తిరిగి ఇంకోసారి.

గుడి ముందు నీళ్ళ తొట్టి ఉంది, తీర్థమా?

కాదు! మా అమ్మ అదే అనుకుంది. క్యోటోలో ఒక చిన్న జింజా ముందు రాతి తొట్టి, దాని మీద వెదురు గరిటెలు వరసగా. అమ్మ భక్తిగా గరిటెతో నీళ్ళు తీసి, మూడుసార్లు చేతిలో పోసుకుని తాగి, మిగిలిన తడి తలకి రాసుకుంది. పక్కన ఓ డెబ్బై ఏళ్ళ ముసలావిడ, పూల టోపీ, చేతిలో కూరగాయల సంచి. ఆవిడ నవ్వలేదు, వద్దనీ అనలేదు. తను అప్పటికే చేతులు కడుక్కుని రుమాలుతో తుడుచుకుంటోంది, ఆ రుమాలు మళ్ళీ సంచిలో పెట్టేసి, గరిటె తీసుకుని, అమ్మకి కనపడేలా, చంటిపిల్లకి చూపించినంత నెమ్మదిగా మొదట్నుంచి మళ్ళీ చేసింది. కుడిచేత్తో గరిటె పట్టుకుని ఎడమచెయ్యి కడగడం. గరిటె ఎడమచేతిలోకి మార్చి కుడిచెయ్యి. మళ్ళీ కుడిచేతిలోకి తీసుకుని ఎడమ దోసిట్లో కాసిని నీళ్ళు పోసి నోరు పుక్కిలించడం, తొట్టి బయట కింద ఉమ్మడం. ఎడమచెయ్యి ఇంకోసారి. చివర్న గరిటెని నిలువుగా ఎత్తితే మిగిలిన నీళ్ళు కాడ మీదుగా జారి, మన చెయ్యి తగిలిన చోటు కడుగుతాయి, తర్వాతి మనిషి కోసం. అన్నీ ఒక్క గరిటెడు నీళ్ళతోనే. గరిటెని నోటికి ఆనించకూడదు. కరోనా తర్వాత చాలా చోట్ల గరిటెలు తీసేసి వెదురు గొట్టంలోంచి ధార వదులుతున్నారు, అక్కడ చేతులు కడుక్కుంటే చాలు.

అసలు నాకు అర్థమైందేంటంటే, అక్కడ మనల్ని ఇరికించేవి కొత్తగా కనపడేవి కావు, మనవాటిలాగే కనపడేవి. కొత్తది కనపడితే ఆగి చూస్తాం. తెలిసినట్టుంటే చేసేస్తాం. ఎక్కడికెళ్ళినా ముందు ఓ అర నిమిషం పక్కకి నిలబడి, ఎవరో ఒక పెద్దావిడ ఏం చేస్తుందో చూడండి.

దణ్ణం ఎలా పెట్టాలి?

పెట్టెలో నాణెం వేసి, తాడుకి గంట కట్టి ఉంటే ఊపి, రెండుసార్లు నడుము దాకా వంగి, రెండు చప్పట్లు, చేతులు జోడించి మనసులో మాట చెప్పుకుని, ఆఖర్న ఇంకోసారి వంగడం. ఇజుమో తైషాలో మాత్రం నాలుగు చప్పట్లు. బౌద్ధ గుళ్ళలో చప్పట్లు అసలు కొట్టకూడదు, మనలాగే ఊరికే నమస్కారం. సాష్టాంగం లాంటివి ఎక్కడా చూడలేదు, పెద్దమ్మ మోకాళ్ళ మీద కూర్చోబోతే నేనే ఆపాను, వెనక ఇరవై మంది లైన్లో ఉన్నారు.

హుండీలో ఎంత వెయ్యాలి?

అయిదు యెన్లు. తమాషా కాదు. గో-ఎన్ అంటే అయిదు యెన్లు, అదే పలుకుబడిలో గో-ఎన్ అంటే రుణానుబంధం లాంటి అర్థం కూడా, అందుకని మధ్యలో చిల్లున్న ఆ పసుప్పచ్చ నాణెమే వేస్తారు. దాని మీద వరికంకి కూడా ఉంటుంది. అది మన రూపాయల్లో మూడు దగ్గర. ఎక్కువ వేస్తే ఎవరూ వద్దనరు.

లోపల విగ్రహం కనపడలేదు, మూసేశారా?

మూయలేదు. చాలా జింజాల్లో చూడ్డానికి విగ్రహం ఉండదు. దేవత ఆవహించే వస్తువు, ఎక్కువగా అద్దం, అది లోపలి గర్భగుడిలో ఉంటుంది, పూజారులే చూడరట. మనం నిలబడేది బయటి మండపం ముందు. దర్శనం అనే మాటకి అలవాటు పడ్డ కళ్ళకి మొదటి రోజు వెలితిగానే ఉంటుంది, ఒప్పుకుంటున్నాను. ఇసే జింగూ అయితే ఇంకా విచిత్రం. సూర్యదేవత అమతెరాసు గుడి, వాళ్ళకి అన్నిటికన్నా పెద్దది, అంత దూరం వెళ్తే చెక్క దడి, దాని మీదుగా కప్పు కొసలు. అంతే. ఆ గుడిని 20 ఏళ్ళకోసారి పక్క స్థలంలో సరిగ్గా అలాగే కొత్తగా కట్టి దేవతని అందులోకి మారుస్తారు, పాతది విప్పేస్తారు. 2013లో జరిగింది 62వసారి, మళ్ళీ 2033లో. గుడి ఎంత పాతదని నేను అడిగితే గైడు ఒక్క క్షణం ఆలోచించి రెండు జవాబులు చెప్పాడు.

అర్చన చేయించుకోవచ్చా, గోత్రనామాలు చెప్తారా?

గోత్రం లేదు కానీ నామం ఉంది, దాంతోపాటు అడ్రసు కూడా! గోకితో అంటారు. ఆఫీసులో ఫారం నింపి, మామూలుగా 5,000 యెన్ల నుంచి మొదలయ్యే రుసుము కడితే లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెడతారు. పూజారి తెల్ల కాగితపు కుచ్చులున్న కర్ర తలల మీద అటూ ఇటూ ఊపి శుద్ధి చేసి, దేవుడికి విన్నపం చదువుతాడు, అందులో ఫలానా ఊళ్ళో ఫలానా చోట ఉండే ఫలానా వాళ్ళు అని వస్తుంది. పాత జపనీసులో సాగే ఆ రాగం మధ్యలో మన ఊరి పేరు వినపడుతుంది చూడండి, మచిలీపట్నం ముక్కలు ముక్కలుగా విరిగి మా-చి-రి-పా-తో-నా-ము అయింది, అమ్మ కళ్ళు తుడుచుకుంది. కొత్త కారుకి కూడా చేస్తారు. టైర్ల కింద నిమ్మకాయలు మాత్రం ఉండవు.

ప్రదక్షిణలు చెయ్యాలా? ప్రసాదం ఇస్తారా?

ప్రదక్షిణ పద్ధతి జింజాల్లో లేదు, చుట్టూ తిరగడానికి చాలా చోట్ల దారే ఉండదు, నేను ఒకసారి తిరగబోయి చెత్తబుట్టల షెడ్డు దగ్గర తేలాను. ప్రసాదం చేతిలో పెట్టే అలవాటు కూడా లేదు. లోపల పూజ చేయించుకున్నవాళ్ళకి కొన్ని చోట్ల చిన్న మూకుడులాంటి గిన్నెలో సాకే, అంటే బియ్యపు సారా, ఒక గుటక ఇస్తారు. పుచ్చుకోని వాళ్ళు పెదవికి తాకించి పెట్టేయొచ్చు. దేవుడికి నైవేద్యం బియ్యం, ఉప్పు, నీళ్ళు, సారా. మెయిజి జింగూ దారిలో ఒకవైపు సాకే పీపాలు, ఎదురుగా ఫ్రాన్సు నుంచి వచ్చిన వైను పీపాలు గోడలా పేర్చి ఉంటాయి. పెద్దమ్మ ఆ ఫొటో ఇంట్లో ఎవరికీ చూపించొద్దంది.

మైల, అంటు లాంటివి వాళ్ళకీ ఉన్నాయా?

ఉన్నాయి. కెగారే అంటారు, ఇంచుమించు మన మైల. ఇంట్లో చావు జరిగితే 50 రోజుల పాటు జింజాకి వెళ్ళకపోవడం పాత పద్ధతి, ఇప్పటికీ పట్టింపు ఉన్నవాళ్ళు పాటిస్తారు. ఆ ఏడాది కొత్త సంవత్సరం కార్డులు పంపరు, మేం దుఃఖంలో ఉన్నాం, మాకు పంపొద్దని ముందే ఒక కార్డు రాస్తారు. సముద్రంలో ఎర్ర తోరీ ఉన్న మియాజిమా దీవి మీద పూర్వం కాన్పు, చావు రెండూ జరగనిచ్చేవారు కాదు, ఈరోజుకీ అక్కడ శ్మశానం లేదు. బయటినుంచి వచ్చిన మనల్ని ఇవేవీ ఎవరూ అడగరు. నెలసరి గురించి బోర్డులు కూడా నేను ఎక్కడా చూడలేదు. మీ పట్టింపు మీ ఇష్టం.

జాతకం చీటీలో చెడు వచ్చింది, ఇప్పుడెలా?

టెన్షన్ వద్దు, కట్టేసి రండి. ఒమికుజి అంటారు, 100 యెన్లు వేసి డబ్బా ఊపితే ఒక పుల్ల బయటికొస్తుంది, ఆ అంకె ఉన్న సొరుగులోంచి చీటీ తీసుకోవాలి. దైకిచి అంటే మహా బాగు, క్యో అంటే చెడు. టోక్యో సెన్సోజిలో క్యో బాగా ఎక్కువ వస్తుందని పేరు, నాకు రెండుసార్లూ అదే వచ్చింది. చెడ్డది వస్తే పక్కనే ఉన్న తీగకో కడ్డీకో మడిచి కట్టేసి వచ్చేస్తారు. మంచిది వస్తే పర్సులో.

వాళ్ళకి గండాల వయసులు కూడా ఉన్నాయి, యాకుదోషి అని. మగవాళ్ళకి 25, 42, 61, ఆడవాళ్ళకి 19, 33, 37. పుట్టగానే ఒకటి అని లెక్క పెట్టే పాత పద్ధతిలో. ఏలినాటి శని గురించి వాళ్ళకి చెప్పి మళ్ళీ కొత్త భయం పెట్టకండి.

ఫుషిమి ఇనారిలో జనం లేకుండా ఫొటో ఎలా?

పొద్దున్నే ఆరింటికి వెళ్ళండి, లేదా పైకి ఎక్కండి. 711లో మొదలైన గుడి, టికెట్ లేదు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. కొండ 233 మీటర్లే, చుట్టి రావడానికి రెండు గంటలు. అందరూ కింద ఆ మొదటి వరస ఎర్ర తోరీల్లోనే ఇరుక్కుంటారు, సగం ఎక్కేసరికి మీరూ నక్కలూ మాత్రమే. ఆ నక్క విగ్రహాలు దేవుడు కావు, ధాన్యదేవత ఇనారికి దూతలు, నోట్లో తాళంచెవి, వరికంకి, మణి లాంటివి పట్టుకుని ఉంటాయి. తోరీలు దాదాపు 10,000. వెళ్ళేటప్పుడు ఎర్రగా మాత్రమే కనపడతాయి, దిగేటప్పుడు వెనక నల్ల అక్షరాలు కనపడతాయి, ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అని. ఎక్కువ కంపెనీల పేర్లే. చిన్న తోరీ ఇచ్చినా లక్షల యెన్లు అవుతుంది. ట్యూబులైటు మీద దాత పేరు రాసే మనవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. అడుగు పుచ్చిపోయిన తోరీ తీసేసి కొత్తది నిలబెట్టే పని ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది.

## బౌద్ధ ఆలయాల్లో

మన దేవుళ్ళు అక్కడ ఉన్నారంటారు, నిజమా, వాట్సాప్ కబురా?

నిజమే, కానీ బౌద్ధం వెంట చైనా మీదుగా వెళ్ళి, అక్కడివాళ్ళయిపోయారు. సరస్వతి బెంజాయితెన్, చేతిలో వీణ బదులు బివా, ఎప్పుడూ నీళ్ళ పక్కనే ఉంటుంది. లక్ష్మి కిచిజోతెన్. ఇంద్రుడు తైషాకుతెన్, యముడు ఎన్మా. మహాకాలుడు దైకోకుతెన్ అయ్యాడు, కాకపోతే అక్కడి దేవుడొకాయనతో కలిసిపోయి, బియ్యం బస్తాల మీద నిలబడి నవ్వే బొద్దుమనిషిలా మారాడు. క్యోటో సంజూసాన్‌గెన్‌దోలో 1,001 కన్నోన్, అంటే అవలోకితేశ్వరుడి, విగ్రహాల ముందు వరసలో 28 మంది రక్షక దేవతలుంటే, వాళ్ళలో గరుత్మంతుడు వేణువు ఊదుతూ కనపడతాడు. అమ్మ ఆ ఒక్కడి దగ్గరే పావుగంట నిలబడింది.

అన్నిటికన్నా నాకు నచ్చింది వినాయకుడు. కాంగితెన్ అంటారు, షోదెన్ అని కూడా. విగ్రహాన్ని ఎవరికీ చూపించరు, మూసిన మందసంలో ఉంటుంది. టోక్యో అసాకుసాలో సెన్సోజి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో మాత్సుచియామా షోదెన్ అని గుట్ట మీద చిన్న గుడి, అక్కడ ఆయనకి పెట్టేది ముల్లంగి. మెట్ల మీద, గోడల మీద, ఎక్కడ చూసినా ముల్లంగి బొమ్మలే. గుడిలోనే ముల్లంగి అమ్ముతారు, కొని పళ్ళెంలో పెట్టి సమర్పించాలి, పూజలో పెట్టినవి తర్వాత వచ్చినవాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళొచ్చు. ప్రసాదం లేదని రోజూ దిగులుపడ్డ పెద్దమ్మకి ఆఖరికి మూరెడు ముల్లంగి దొరికింది. ఆ రాత్రి హోటల్లో ఉప్పూకారం అద్దుకుని తిన్నాం. క్యోటోలో కాంగిదాన్ అని నూనెలో వేయించిన మూటలాంటి మిఠాయి దొరుకుతుంది, అది మన మోదకం మనవడే.

అక్కడ హోమం చేస్తారట, చూడొచ్చా?

చూడొచ్చు. గోమా అంటారు, హోమం అన్న మాటే. నరితా ఎయిర్‌పోర్టు దగ్గర నరితాసాన్ షిన్‌షోజిలో రోజూ చేస్తారు, కాబట్టి తిరుగు ఫ్లైటు సాయంత్రం అయితే పొద్దున్న వెళ్ళిపోవచ్చు. ప్రధాన దేవుడు ఫుదో, సంస్కృతంలో అచలుడు, చేతిలో కత్తీ పాశం, వెనక మంటలు. పెద్ద పెద్ద డోళ్ళు మోగుతుంటే సమిధలు వేస్తారు, మంట మనిషెత్తు లేస్తుంది, జనం తమ పర్సులూ హ్యాండ్‌బ్యాగులూ ఇస్తే ఆ మంట సెగకి చూపించి ఇస్తారు. నేను ఫోన్ ఇవ్వాలా అని ఆలోచించి, పర్సు ఇచ్చాను.

నారాలో ఒక రోజు చాలా? అక్కడ ఏం చూడాలి?

ఒక రోజు చాలు. తోదైజిలో పెద్ద బుద్ధుడు, 15 మీటర్ల కంచు విగ్రహం. 752లో దానికి కళ్ళు తెరిచే ఉత్సవం, మన ఆగమాల్లోని నయనోన్మీలనమే, జరిపించింది మన దేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే భిక్షువు. ఆయన పట్టుకున్న కుంచెకి పొడుగాటి దారాలు కట్టి, వాటి కొసలు కింద ఉన్నవాళ్ళు పట్టుకున్నారు, అందరికీ ఆ పుణ్యంలో వాటా రావాలని. ఆ కుంచె, దారం ఇంకా భద్రంగా ఉన్నాయి. గుళ్ళో ఒక స్తంభానికి అడుగున చిల్లు, బుద్ధుడి ముక్కురంధ్రమంత, పిల్లలు అందులోంచి దూరతారు. పెద్దవాళ్ళు ప్రయత్నించొద్దు, చెప్పలేక చెప్తున్నాను.

ఇంకొక్క మాట. మన నాగార్జునుడు, ఆంధ్రదేశంతో ముడిపడ్డ ఆచార్యుడు, అక్కడ ర్యూజు అనే పేరుతో ఎనిమిది బౌద్ధ శాఖలకి మూలపురుషుడు. నాగార్జునకొండ పక్క జిల్లావాళ్ళమని ఒక సన్యాసికి చెప్తే ఆయన చప్పున లేచి నాకు నమస్కారం పెట్టాడు. నేనేం చేశానని!

జింకలు వెయ్యికి పైగా ఉన్నాయి. బిస్కెట్లు చూపిస్తే తల వంచుతాయి, ఆలస్యం చేస్తే చీర కొంగు నములుతాయి.

గుళ్ళో రాత్రి బస అంటారు, ముసలివాళ్ళకి కుదురుతుందా?

కుదురుతుంది, కింద పరుపు మీద పడుకుని లేవగలిగితే. కోయాసాన్ వెళ్ళండి, 816లో కూకాయ్ అనే ఆచార్యుడికి రాజు ఇచ్చిన కొండ. ఇప్పుడు యాభై దాకా గుళ్ళలో బస ఉంది, షుకుబో అంటారు. సాయంత్రం అయిదింటికల్లా చేరాలి, భోజనం ఆరింటికి, పొద్దున ఆరు ప్రాంతంలో ప్రార్థన. పైన చలి బాగా ఎక్కువ. అక్కడివాళ్ళ నమ్మకం ప్రకారం కూకాయ్ 835లో చనిపోలేదు, ధ్యానంలో కూర్చున్నాడు, ఇంకా కూర్చునే ఉన్నాడు. రోజూ రెండుసార్లు సన్యాసులు చెక్కపెట్టెలో భోజనం మోసుకెళ్ళి పెడతారు. జీవసమాధి అన్న మాట వివరించక్కర్లేదు కదా మనకి. అమ్మ ఒకటే అంది, మంత్రాలయంలో ఉన్నట్టుంది అని. దారి పొడుగునా రెండు లక్షలకి పైగా సమాధులు, దేవదారు చెట్లు, సమాధుల వెనక నిలబెట్టిన చెక్క పలకల మీద సిద్ధం లిపి, అంటే సంస్కృత బీజాక్షరాలు, వెయ్యేళ్ళకి పైగా అక్కడ రాస్తూనే ఉన్నారు.

ఫొటోలు తీసుకోవచ్చా?

ఆవరణలో మామూలుగా ఫర్వాలేదు, హాలు లోపల చాలా చోట్ల వద్దు. బోర్డు లేకపోతే అడగండి. క్యోటో గియోన్‌లో ప్రైవేటు సందుల్లో ఫొటో తీస్తే 10,000 యెన్లు జరిమానా అని బోర్డులున్నాయి. కిమోనోలో వెళ్ళే గెయికోల (క్యోటోలో గీషాల్ని అలా అంటారు) వెంట ఫోన్ పట్టుకుని పరుగెత్తకండి.

## వీధిలో, రైల్లో, బసలో

రైల్లో మాట్లాడకూడదట, అంత కఠినమా?

మాట్లాడొచ్చు, మెల్లగా. ఫోన్ కాల్ మాత్రం వద్దు. అమ్మకి మా చెల్లి వీడియో కాల్ చేసినప్పుడు పెట్టె మొత్తం మా వైపు చూడలేదు, అదే భయంకరం, అందరూ ఇంకా గట్టిగా తమ ఫోన్లలోకి చూశారు. ఎస్కలేటర్ మీద టోక్యోలో ఎడమవైపు, ఒసాకాలో కుడివైపు నిలబడతారు.

చెత్తబుట్టలు లేవు, అరటితొక్క ఎక్కడ వెయ్యాలి?

మీ సంచిలోనే. 1995లో టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు దాడి జరిగాక చాలా చోట్ల బుట్టలు తీసేశారు. రోజూ ఓ ఖాళీ కవరు పెట్టుకుని రూముకి మోసుకురండి. మూడో రోజుకి అలవాటైపోతుంది.

టిప్పు ఇవ్వాలా?

వద్దు. ఇస్తే మర్చిపోయారనుకుని వెనక పరుగెత్తుకొచ్చి ఇచ్చేస్తారు. డబ్బులు చేతికి కాకుండా కౌంటర్ మీదున్న చిన్న ట్రేలో పెట్టండి.

చెప్పుల గొడవ ఏంటి, ఎక్కడ విప్పాలి?

నేల ఎత్తు మారిన చోట. గుమ్మంలో బూట్లు విప్పి ఇంటి స్లిప్పర్లు, చాప పరిచిన గది వస్తే ఆ స్లిప్పర్లు కూడా బయటే, వట్టి సాక్సులతో లోపలికి. బాత్రూంకి వేరే స్లిప్పర్లు గుమ్మంలోనే ఉంటాయి. మొదటి ట్రిప్పులో ఒక చిన్న బసలో ఆ బాత్రూం స్లిప్పర్లతోనే భోజనాల గదిలోకి వెళ్ళి కూర్చున్నాను, ఇంటావిడ మారుమాట లేకుండా నా కాళ్ళ దగ్గర ఇంకో జత పెట్టి, పాతవి తీసుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. అన్నట్టు టాయిలెట్లో నీళ్ళుంటాయి, అదీ గోరువెచ్చగా. యూరప్ వెళ్ళొచ్చినవాళ్ళకి ఆ ఆనందం తెలుస్తుంది.

వేడినీళ్ళ స్నానానికి నిజంగా బట్టలు లేకుండా వెళ్ళాలా?

వెళ్ళాలి. ఆడవాళ్ళు, మగవాళ్ళు వేరు వేరు. ముందు చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా స్నానం చేసి, అప్పుడు తొట్టిలో దిగాలి, తువ్వాలు నీళ్ళలో ముంచకూడదు. పచ్చబొట్టు ఉంటే కొన్ని చోట్ల రానివ్వరు, చేతి మీద చిన్న పేరు పొడిపించుకున్న పెద్దమ్మకి బ్యాండేజీ అంటించాం. సిగ్గయితే గదిలోనే తొట్టి ఉన్న బస చూసుకోండి. అమ్మ మొదటి రోజు ససేమిరా అంది. రెండో రోజు బయటికి రానంది.

## తిండి

పూర్తి శాకాహారులం, బతకగలమా?

బతకగలరు, కానీ మెనూలో కూరగాయల బొమ్మ చూసి నమ్మకండి. చిక్కంతా దాషి దగ్గర. ఎండబెట్టిన చేప తురుముతో కాచిన చారు అది, ఉడాన్ నూడుల్స్‌లో, సూపులో, ఉడికించిన వంకాయలో, సోయా సాస్‌తో కలిపిన చట్నీలో, అన్నిట్లో ఉంటుంది. వాళ్ళకి నికు అంటే మాంసం, చేప అందులోకి రాదు, అందుకని మాంసం లేదంటే నిజమే చెప్తున్నట్టు. జపనీసులో రాయించిన చీటీ దగ్గర పెట్టుకోండి: మాంసం, చేప, దాషి, గుడ్డు వద్దని. గుళ్ళలో పెట్టే షోజిన్ ర్యోరి మాత్రం నిశ్చింతగా తినొచ్చు, సన్యాసుల భోజనం, మాంసం, చేప లేకపోవడమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. దాషి కూడా సముద్రపు నాచుతోనో పుట్టగొడుగులతోనో కాస్తారు. నువ్వులతో చేసిన మెత్తని తోఫు పెడతారు, అది చాలు ఆ ప్రయాణానికి. మిగతా రోజులు చిన్న షాపుల్లో మైక్రోవేవ్‌లో వేడిచేసుకునే అన్నం ప్యాకెట్లు, చక్కెర లేని పెరుగు, మన ఆవకాయ. దోసె మీద మరీ బెంగ పెట్టుకుంటే టోక్యోలో నిషికసాయ్ వెళ్ళండి, మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేట.

చాప్‌స్టిక్స్ రావు, తప్పు పడతారా?

రాకపోతే ఎవరూ ఏమీ అనరు, చెంచా అడగొచ్చు. రెండు పనులు మాత్రం చేయొద్దు. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చడం, అది చనిపోయినవాళ్ళకి పెట్టే తీరు. నా పుల్లల్లోంచి మీ పుల్లల్లోకి ముక్క అందించడం, అది దహనం తర్వాత అస్థికలు ఏరేటప్పుడు చేసేది.

## తిరిగొచ్చాక

తాయెత్తు తెచ్చాం, విప్పి చూడొచ్చా? ఎన్నాళ్ళు ఉంచుకోవాలి?

విప్పకూడదు. ఒమామోరి గుడ్డ సంచి లోపల ఉన్నది లోపలే ఉండాలి. ఏడాది అయ్యాక అదే గుడికి తిరిగి ఇచ్చేస్తే మంటలో వేస్తారు, అది వాళ్ళ పద్ధతి. మళ్ళీ వెళ్ళలేం కదా అని పెద్దమ్మ తనది దేవుడి గూట్లో వెంకన్న పటం పక్కన పెట్టింది. ఉండనీ.

జపాన్ వాళ్ళకి అసలు దేవుడి మీద నమ్మకం ఉందా, లేకపోతే ఇదంతా టూరిజమా?

నాకు చాలామంది మేం ఏ మతం వాళ్ళం కాదనే చెప్పారు. చెప్పిన వాళ్ళే పిల్లాడికి అయిదేళ్ళు రాగానే నవంబరులో ముస్తాబు చేసి జింజాకి తీసుకెళ్తారు, పెళ్ళి చర్చిలాంటి హాల్లో చేసుకుంటారు, పోయాక బౌద్ధ సన్యాసి వచ్చి సూత్రాలు చదువుతాడు. నమ్ముతున్నారా అంటే తెలియదు, మానేశారా అంటే మానలేదు. టోక్యోలో మా హోటల్ పక్కన ఖాళీ స్థలం ఉండేది. ఒక పొద్దున్న చూస్తే మధ్యలో నాలుగు పచ్చి వెదుర్లు పాతి చుట్టూ తాడు కట్టారు, తాడుకి తెల్ల కాగితపు కుచ్చులు. బల్ల మీద ముల్లంగి, చేప, సారా సీసా. జిచిన్‌సాయి, భూమిపూజ. తెల్లబట్టల పూజారి ఏదో చదువుతుంటే, సూట్లు వేసుకున్న ఆఫీసర్లు, హెల్మెట్లు చంకలో పెట్టుకున్న కూలీలు, అందరూ ఒకే లెవెల్లో తలలు వంచి నిలబడ్డారు. పూజ అయ్యేదాకా రోడ్డవతల జేసీబీ డ్రైవరు ఇంజన్ ఆపేసి, కిందికి దిగి, తనూ తల వంచాడు.